శనివారం వైవా

మా మాస్టారికి మూడేళ్లుగా సరిగ్గా చూపు లేదు. ఆ సంగతి ఆయన్ని సమాధి చేసిన మూడో రోజు, వాళ్ల వంటింట్లో నిలబడి ఉండగా ఆయన భార్య నాకు చెప్పింది.

పూర్తిగా చీకటి కాదు. కంటి మధ్యభాగంలో ఉండే చూపు పోయి, అంచుల్లో మిగిలింది. అలాంటి వాళ్లకి ఎదుటి మనిషి భుజాలు కనిపిస్తాయి, వెనకాల తలుపు కనిపిస్తుంది, మొహం ఉండాల్సిన చోట మాత్రం మసక మచ్చ ఉంటుంది. నడవగలరు. మెట్లు దిగగలరు. బల్ల మీద కప్పు అందుకోగలరు. చదవలేరు. మనుషుల్ని పోల్చుకోలేరు. రెండు వందల గజాల అవతల జమ్ము గడ్డి మీద వాలిన పిట్టని చూడలేరు.

ఆ మూడేళ్లలో నేను ఆయన పక్కన నిలబడి పిట్టల్ని చూసిన శనివారాలు వందకి తక్కువ ఉండవు.

ఆవిడని నేను అక్క అంటాను. నర్సు. ముప్ఫై ఏళ్ల నుంచి ఆస్పత్రిలో పని చేస్తోంది. ఆయన పాత జాకెట్ ఎవరికైనా ఇద్దామని జేబులు వెతుకుతుంటే, లోపలి జేబులో కంటి డాక్టర్ ఇచ్చిన కాగితాలు దొరికాయట. మూడు కాగితాలు, మూడు సంవత్సరాలవి. బల్ల మీద పరిచి నా వైపు తోసింది. చదివాను. కౌంటర్ నిండా ఎవరెవరో భోజనం తెచ్చిన అల్యూమినియం ట్రేలు ఉన్నాయి. ఒక్కటీ మూత తీసి లేదు.

"నీకు చెప్పాడా?" అంది.

"లేదక్కా. నాకేం చెప్పలే."

"ప్రతి వారం ఆయనతో ఉండేదానివి. నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

"నిజంగ తెల్వదక్కా."

కాసేపు కాగితాలు వరసగా సర్దింది. "నీకు చెప్పుంటే బావుండేది" అంది. "మీతో వచ్చే శ్రీధర్‌ని కూడా అడిగాను. పాస్టరు గారిని అడిగాను. మా అబ్బాయిని అడిగాను. ఎవరికో ఒకరికి చెప్పుకున్నాడని తెలిస్తే నాకు చాలు. ఇదే ఇంట్లో, నా పక్కన, ఒక్కడే మోశాడంటే నేను తట్టుకోలేనమ్మా. రోజూ పేషెంట్ల కళ్లలో లైటు వేసి చూసేదాన్ని."

నేను బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాను. కార్ స్టార్ట్ చేయడానికి చాలాసేపు పట్టింది. అక్కకి నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఒక శనివారం మా మధ్య జరిగిన మాట ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. అది అక్కకి చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోలేక నాలుగు రోజులు ఆఫీస్‌లో ఏ పనీ చేయలేదు. ఆయన గురించి రాయడం మొదలుపెట్టింది ఆ నాలుగు రోజుల్లోనే. రాస్తే ఆయన అసలు ఎలా ఉండేవారో నాకు తెలుస్తుందేమో అనుకున్నాను.

ఆయన నిజానికి మాస్టారు కాదు. కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేసే ఇంజినీరు. కొల్లేరు పక్క ఊరి నుంచి వచ్చారు. ఎవరి కార్ ఎక్కినా మొదటి సిగ్నల్ దగ్గరే చెప్పేసేవారు: "ముందు ఎడం చక్రం బ్రేకు అరిగింది. చూపించుకో." మనం నమ్మకుండా మెకానిక్ దగ్గరికి వెళితే వాడూ అదే చెప్పేవాడు. ఆదివారం తెలుగు చర్చి. అందుకని మా పిట్టల ప్రయాణం శనివారం పొద్దున. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి గంటంపావు వెళితే ఈరీ సరస్సు ఒడ్డున వైల్డ్‌లైఫ్ ఏరియా ఉంది. నీళ్ల మధ్య మట్టి కట్టలు, వాటి మీద నడక, అక్కడక్కడా చెక్క మంచెలు. చేపలు పట్టేవాళ్లు వస్తారు, కయాక్‌లు వేసుకునేవాళ్లు వస్తారు, శరత్కాలంలో బాతుల వేటగాళ్లు కూడా వస్తారు. మేము ముగ్గురం వెళ్లేవాళ్లం: ఆయన, గుంటూరు శ్రీధర్, నేను. నాది వరంగల్. మా ఆయన మాత్రం "మళ్లీ కొంగలకేనా" అని దుప్పటి కప్పుకునేవాడు.

నేను చేరిన మొదటి సంవత్సరం ఆయన ఎవర్నీ ఏమీ అడిగేవారు కాదు. మనం బైనాక్యులర్స్ కళ్లకి ఆనించేలోపు పిట్ట పేరు చెప్పేసేవారు. ఫోకస్ చేసుకునేసరికి అది ఎగిరిపోయేది. శ్రీధర్ విసుక్కునేవాడు. "సార్, కొంచెం మాక్కూడా మిగల్చండి. మీరు చూసేసి మాకు ఎంగిలి పెడుతున్నారు."

ఆయన నవ్వేవారు. నవ్వినప్పుడు శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. పిట్టల దగ్గరికొచ్చిన మనిషి శబ్దం చేయకూడదని ఆయన నియమం. మంచె ఎక్కిన మొదటి అరగంట ఎవరూ చిప్స్ ప్యాకెట్ విప్పకూడదు. జిప్పు లాగకూడదు. నేనొకసారి వెల్‌క్రో జాకెట్ వేసుకొస్తే వారం తర్వాత నాకొక బటన్ల జాకెట్ తెచ్చిచ్చారు. అక్కదట. "ఆవిడకి చిన్నదైపోయింది, నువ్వు చెప్పొద్దు" అన్నారు.

తర్వాత ఏడాది ఆయన పద్ధతి మారింది. కంపెనీ ప్యాకేజీ ఇచ్చిందని ముందుగానే రిటైర్ అయ్యారు. కార్ తీయడం మానేశారు. "నేను స్టీరింగ్ పట్టుకుంటే ఆకాశం ఎవరు చూస్తారు?" అన్నారు. మాకు నవ్వొచ్చింది. వంతులేసుకుని మేమే పికప్ చేసుకునేవాళ్లం. మంచె మీద మాత్రం ఆయన పేర్లు చెప్పడం ఆపేసి, అడగడం మొదలుపెట్టారు.

"చెప్పమ్మా, ఏం కనిపిస్తోంది?"

"ఏదో గోధుమరంగుది సార్."

"రంగు తర్వాత. ఎక్కడ కూర్చుంది?"

"గడ్డి మీద. నిలువుగ ఉన్న దంటు మీద."

"తోక?"

"పైకి లేపింది."

"నిటారుగానా?"

"వీపుకి ఆనేటట్టు."

"అరుస్తోందా?"

"నోరైతే తెరుస్తాంది."

"అయితే అదే. ఇందాకట్నించీ మోగుతున్నది అదే. మార్ష్ రెన్."

మేమేం అనుకోవాలి? శ్రీధర్, నేను ఆంధ్రాలో, తెలంగాణలో ఇంజినీరింగ్ చదివినవాళ్లం. పెద్దాయన ఎదురుగా కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే దాన్ని మేము ఒక్క పేరుతోనే గుర్తుపడతాం. వైవా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదురుగా ఉన్నాడు. ఆయనకి జవాబు తెలుసు, మనకి తెలుసో లేదో చూస్తున్నాడు. జవాబు తెలిసినవాడే ప్రశ్న అడుగుతాడు. ఇది మాకు ఇరవై ఏళ్ల వయసులో ఎక్కిన నమ్మకం, నలభై దాటినా దిగలేదు. మాస్టారు తెలియక అడుగుతున్నారన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

"మాస్టారూ, నాకు ఇంటర్నల్స్ ఎన్ని వేశారు?" అనేవాడు శ్రీధర్.

"ఇంకా దిద్దుతున్నాను."

"సప్లీ ఉంటుందా?"

"నీకు ఎప్పుడూ ఉంటుందిగా, అలవాటేగా."

ఆ మాస్టారనే పేరు అప్పుడొచ్చింది. వద్దనలేదు. మేము పేరు పెట్టిన రోజు ఆయన ఫ్లాస్క్ మూతలో టీ పోసి నాకు అందించారు. కొంచెం నా చేతి మీద ఒలికింది. సారీ చెప్పారు. చలికి చేతులు వణుకుతున్నాయేమో అనుకున్నాను.

ఇలాంటివి ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. పార్కింగ్ లాట్‌లో మనం పలకరిస్తే తప్ప పలకరించేవారు కాదు. మా తెలుగు వాళ్ల పిక్నిక్‌లలో ఆయనకి పొగరన్న పేరు ఉండేది. నేను ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఫోన్ తీసుకోకుండా, "ఫోటో ఎందుకు, నువ్వు చెప్పు" అనేవారు. ఫోన్ల మీద ఆయనకి విరక్తి అని నేను చాలామందితో చెప్పాను, మెచ్చుకోలుగా. బైనాక్యులర్స్ మాత్రం మానలేదు. మాతోపాటు ఎత్తేవారు, మాకంటే ఎక్కువసేపు పట్టుకునేవారు. దాంట్లోంచి ఆయనకి ఏం కనిపించేదో ఇప్పుడు ఎవర్నడగాలి?

రెండు సంఘటనలు చెప్పాలి.

మొదటిది ఆగస్టులో. నీళ్లు తగ్గి బురద బయటపడ్డ చోట చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు దిగాయి. వాటిలో రెండు రకాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదానికి, లీస్ట్ శాండ్‌పైపర్‌కి, కాళ్లు పసుపు, రెండోదానికి నలుపు. ఆ రోజు వైల్డ్‌లైఫ్ ఏరియా వాళ్లు పిట్టలు లెక్కపెడుతున్నారు. కట్ట మొదట్లో ఒక పెద్దావిడ, వాలంటీర్, మడత బల్ల వేసుకుని ఎవరేం చూశారో రాసుకుంటోంది.

"కాళ్లు చూడు" అన్నారు మాస్టారు.

నేను చూశాను. పద్నాలుగున్నాయని చెప్పాను, కాళ్లు మాత్రం బురదలో ఉన్నాయి. కనిపించలేదు. కానీ వైవాలో తెలియదు అనకూడదు. ఏదో ఒకటి గట్టిగా చెబితే సగం మార్కులైనా వస్తాయి. "పసుపు సార్" అన్నాను.

"ఖాయంగా?"

"ఖాయం."

ఆయన వెళ్లి ఆవిడకి చెప్పారు: లీస్ట్ శాండ్‌పైపర్స్, పద్నాలుగు. ఆవిడకి ఆయనంటే గౌరవం, వెంటనే రాసుకుంది. తర్వాత ఎందుకో తన టెలిస్కోప్‌లో ఒకసారి చూసింది. "హనీ," అంది నెమ్మదిగా, "దోస్ లెగ్స్ ఆర్ బ్లాక్. ఆల్ ఆఫ్ దెమ్."

ఆయన టెలిస్కోప్ దగ్గరికి వెళ్లలేదు. నా వైపు తిరగలేదు. "మై మిస్టేక్. ప్లీజ్ కరెక్ట్ ఇట్" అన్నారు. అక్కడ ఇంకో నలుగురు ఉన్నారు. శ్రీధర్ నేలచూపులు చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో నేనే డ్రైవ్ చేస్తున్నాను. ఫ్రీవే ఎక్కిన చాలాసేపటికి ఆయన అన్నారు: "కనిపించకపోతే కనిపించలేదని చెప్పమ్మా. నాకు అదీ కావాలి. తప్పు చెబితే నాకు దారి ఉండదు."

గొంతులో కోపం లేదు. అందుకే నేను దాన్ని నీతి పాఠంగా తీసుకున్నాను. పక్కనే టెలిస్కోప్ ఉండి, తానే చూడగలిగి ఉండి, నా నిజాయితీ పరీక్షించడానికి చూడలేదని, నలుగురిలో నా తప్పు తన మీద వేసుకున్నారని అనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆయనకి కథలా చెప్పాను. అలాంటి మనుషులు ఇప్పుడెక్కడున్నారని కూడా అన్నాను. మాస్టారు సాదా మాట సాదాగా చెప్పారు. నేను దానికి గొప్ప అర్థం కట్టాను.

రెండోది పోయిన అక్టోబర్‌లో. నేను అక్కకి చెప్పనిది ఇదే.

శ్రీధర్‌ ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి రాలేదు. మేమిద్దరమే. వేట సీజన్ కాబట్టి దూరానికి కనపడే నారింజ రంగు చొక్కాలు వేసుకున్నాం. ఎక్కడో దూరంగా తుపాకులు మోగుతున్నాయి. కట్ట చివర బెంచీ మీద ఆయన కూర్చున్నారు, నేను నిలబడి బైనాక్యులర్స్‌లో నీటి అవతలి ఒడ్డు వెతుకుతున్నాను.

"మా చర్చిలో ఒకాయన ఉన్నాడమ్మా" అన్నారు. "ఆయనకి చూపు పోతోంది. పిట్టలంటే ప్రాణం. ఆయన్ని ఇక్కడికి తీసుకురావచ్చంటావా?"

నేను కళ్లు తీయలేదు. "చూపు లేకుంటె ఇక్కడికొచ్చి ఏం చేస్తడు సార్?" అన్నాను. "పాపం, ఊకె బాధపడ్తడు. ఇంట్లనే ఉంటె నయం."

"అంతేనంటావా."

"మళ్ల కట్ట మీద రిస్కు గూడ. మనలో ఒకరు ఆయన్ని పట్టుకునే ఉండాలె. ఇగ పిట్టల్ని ఎవరు చూస్తరు?"

"అదీ నిజమే" అన్నారు.

తుపాకీ మోత ఆగింది. పైనుంచి ఏదో పెద్ద పిట్ట ఒక్కటే వస్తోంది, అరవకుండా. రెక్కల చప్పుడు ఆయనే ముందు విన్నారు. "పైన ఏంటమ్మా అది? మెడ చాపిందా, ముడుచుకుందా?"

"చాపింది సార్."

"అయితే క్రేన్. హెరన్ అయితే ముడుచుకుంటుంది."

అంతే. తర్వాత ఇంకో ఎనిమిది నెలలు ప్రతి శనివారం వచ్చారు. ఎప్పటిలాగే అడిగారు. నేను ఎప్పటిలాగే జవాబులు చెప్పాను. చర్చిలో ఆ ఒకాయన ఎవరని, ఎలా ఉన్నాడని నేను ఒక్కసారీ అడగలేదు. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున గరాజ్‌లో పడిపోయారు. స్ట్రోక్. అక్క డ్యూటీ నుంచి వచ్చేసరికే అయిపోయింది. మా గ్రూప్‌లో శ్రీధర్ పెట్టిన మెసేజ్ నేను మీటింగ్ మధ్యలో చదివాను. మీటింగ్ అయ్యేదాకా కూర్చున్నాను, నోట్స్ కూడా రాసుకున్నాను. ఆ నోట్స్ ఇప్పుడు చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

సమాధి దగ్గర ఆయన చర్చి వాళ్లంతా ఉన్నారు. వాళ్లలో చూపు లేని మనిషి ఎవరూ లేరు. అప్పుడు నేను వెతకలేదు. కాగితాలు చదివి కార్‌లో కూర్చున్నాక ఒక్కొక్కరి మొహం గుర్తు తెచ్చుకుని చూశాను.

అక్కకి ఇది చెబితే ఏమవుతుందో నాలుగు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే ఆయన ఎవరికీ చెప్పుకోలేదన్న బాధతో మిగిలిపోతుంది. చెబితే, చెప్పుకోబోయిన ఒక్కసారి ఆయన నోరు మూయించింది నేనని తెలుస్తుంది. శ్రీధర్‌కి ఫోన్ చేసి అడిగాను. "చెప్పొద్దు" అన్నాడు. "నీ బరువు దించుకోవడానికి ఆవిడ నెత్తిన పెడతావా? ఆవిడకి ఉన్నది చాలు." వాడి మాటలో న్యాయం ఉంది. నేను చెప్పాలనుకోవడంలో ఎంత భాగం అక్క కోసమో, ఎంత భాగం నా కోసమో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

శనివారం పొద్దున సరస్సుకి బయల్దేరే వేళకి అక్క ఇంటికి వెళ్లాను. కొడుకు బేస్‌మెంట్‌లో ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్‌లో ఉన్నాడు. ఆ గొంతు పైకి వినిపిస్తోంది. అక్క నైటీ మీద స్వెట్టర్ వేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"కూర్చో. నేనూ అదే పనిలో ఉన్నాను" అంది. "ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూస్తున్నాను. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే కదా. శనివారం సాయంత్రం నన్ను కూర్చోబెట్టి రెండుసార్లు చదివించుకునేవాడు. నీ గొంతులో వింటే బావుంటుందనేవాడు. పెళ్లైన ముప్ఫై నాలుగేళ్లకి ఇప్పుడు నా గొంతు నచ్చిందా అని ఎగతాళి చేసేదాన్ని. పొంగిపోయేదాన్ని కూడాలే. ఆదివారం బైబిలు తెరిచి పట్టుకుని అప్పజెప్పేసేవాడు. అందరూ ఎంత భక్తండీ, మొత్తం కంఠస్థమే అనేవాళ్లు. నేను కూడా అవునండీ అనేదాన్ని."

ఆగింది. "ఏ పేజీ తెరిచి పట్టుకునేవాడో ఒక్కసారి చూసినా సరిపోయేది."

అప్పుడు చెప్పాను. వేట సీజన్ అని, ఇద్దరమే ఉన్నామని, బెంచీ మీద కూర్చున్నారని. చర్చిలో ఒకాయన అన్నది. నేనేమన్నది. ఇంట్లనే ఉంటె నయం అన్నది కూడా, మార్చకుండా.

అక్క చివరిదాకా వింది. అయ్యాక అడిగింది: "నీ వైపు చూస్తూ అన్నాడా?"

"తెల్వదక్కా. నేను బైనాక్యులర్స్‌ల చూస్తున్న. అప్పుడు ఆయన మొహం చూడలే."

తిడుతుందనుకున్నాను. లేచి వెళ్లిపొమ్మంటుందనుకున్నాను. బయటికి పంపేస్తే నాకూ కొంచెం తేలికయ్యేదేమో. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వాటినే చూస్తూ కూర్చుంది. కింద కొడుకు ఎవరికో ఆయన పుట్టినతేదీ ఒక్కో అంకె విడదీసి చెబుతున్నాడు.

"అయితే చెప్పాలనుకున్నాడు" అంది.

బల్ల మీది చేతులు తీసి నా వైపు తిరిగింది.

"చెప్పాలనే అనుకున్నాడు కదమ్మా. నోటిదాకా వచ్చింది కదా."

"వచ్చిందక్కా."

"మళ్లీ చెప్పు."

మొదట్నించీ మళ్లీ చెప్పాను. ఆయన మాట, నా మాట, అంతేనంటావా అన్నది, అదీ నిజమే అన్నది. నా మాట దగ్గరికొచ్చేసరికి వదిలేయబోయాను. అయినా చెప్పాను. దాన్ని దాటవేసే హక్కు నాకు లేదనిపించింది.

అక్క కళ్లు మూసుకుని వింది. ఆ వినడం చూసి నాకు భయం వేసింది. నేను ఆయన్ని చంపినంత పని చేసిన మాట ఆవిడకి ఇన్ని రోజుల్లో దొరికిన ఒకే ఒక్క ఆసరా అయింది. ఈ రెండూ ఒకే మాటలో ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు.

"ఇంకొక్కసారి" అంది.

మూడోసారి మొదలుపెట్టాను. మా చర్చిలో ఒకాయన ఉన్నాడమ్మా, ఆయనకి చూపు పోతోంది, పిట్టలంటే ప్రాణం, ఆయన్ని ఇక్కడికి తీసుకురావచ్చంటావా అన్నరు అక్కా. అప్పుడు నేను

అక్క చెయ్యెత్తి ఆపింది.

"నీది వద్దమ్మా," అంది కళ్లు తెరవకుండా. "ఆయనది మాత్రం చెప్పు."

చెప్పాను.